అరవై దాటినవాళ్లకు వారం వారం ఆటల సాయంత్రం: మొదలుపెట్టడం నుంచి నిలబెట్టడం దాకా

మా అపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్ల కోసం మొదటిసారి ఆటలు పెట్టినప్పుడు ఇంటింటికీ వెళ్లి "ఆరోగ్యానికి మంచిది, కాసేపు వచ్చి కూర్చోండి" అని పిలిచాం. నలుగురు వచ్చారు. ఆ నలుగురూ గోడవారగా కూర్చుని, మర్యాద కోసం అరగంట ఉండి వెళ్లిపోయారు. మరుసటి వారం మాట మార్చాం. "పిన్నిగారూ, మా జట్టులో ఒక మనిషి తక్కువయ్యారు, మీరు రాకపోతే ఆట సాగదు" అన్నాం. ఆ రోజు కుర్చీలు చాలలేదు.

అప్పటి నుంచి ఒక్క విషయం గట్టిగా నమ్ముతున్నాను. జీవితమంతా పిల్లల్ని పెంచి, ఉద్యోగాలు చేసి, పొలాలు దున్నినవాళ్లకు కాలక్షేపం ఒక్కటే చాలదు. తాము లేకపోతే ఏదో ఒక పని ఆగిపోతుందని తెలియాలి. జట్టు ఆటలు ఆ అవసరాన్ని తీరుస్తాయి. కింద చెప్పే ప్రతి మెట్టునూ దీన్ని గుర్తుపెట్టుకునే చదవండి.

మెట్టు 1: ముందు మనుషుల్ని తెలుసుకోండి

ఆటలు ఎంచుకునే ముందే ఒక నోటు పుస్తకం పట్టుకుని ఇళ్లకు వెళ్లండి. వాట్సాప్‌లో మెసేజ్ పెడితే చదివేది కోడలో కొడుకో, పెద్దవాళ్లు కాదు. ఒక్కొక్కరి దగ్గర పది నిమిషాలు కూర్చుని ఈ సంగతులు కనుక్కోండి: మోకాళ్లు ఎలా ఉన్నాయి, కళ్లకు ఆపరేషన్ అయిందా, ఏ చెవి బాగా వినిపిస్తుంది, షుగరుకు ఇన్సులిన్ వాడుతున్నారా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయా, ఇంట్లో ఎవరి ఫోన్ నంబరుకు కబురు పెట్టాలి.

తర్వాత అసలు ప్రశ్న అడగండి. "చిన్నప్పుడు మీరు ఏ ఆటలో మొనగాళ్లు?" ఈ ప్రశ్నకు ముఖాలు విప్పారడం చూడాలి. ఒకావిడ వామనగుంటల్లో అక్కలందరినీ ఓడించేదాన్నంటారు. ఒక మాస్టారు గోలీల గురించి చెప్పడం మొదలుపెడితే ఆపరు. రాసుకోండి. మీ ఆటల జాబితా ఆ పుస్తకంలోంచే వస్తుంది.

ఆడడం ఇష్టం లేదన్నవాళ్లను వదిలేయకండి. వాళ్లకు ఒక పని అప్పజెప్పండి. బ్యాంకులో చేసి రిటైరైన వ్యక్తికి స్కోరు పుస్తకం ఇవ్వండి. గొంతు బాగున్నవారిని అంకెలు చదవమనండి. చాలామంది మూడో వారానికి వాళ్లంతట వాళ్లే ఆటలోకి దిగుతారు. దిగకపోయినా పర్వాలేదు, పుస్తకం వాళ్ల చేతిలో ఉంది కదా.

మెట్టు 2: వేళ, చోటు

సాయంత్రం 4:30 నుంచి 5:45 వరకు మాకు సరిపోయింది. మధ్యాహ్నం కునుకు అయిపోతుంది, టీ తాగేస్తారు, దీపం పెట్టే వేళకు ఇంట్లో ఉంటారు, టీవీ సీరియళ్లకు అడ్డం రాదు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఉదయం ఏడున్నరకు మార్చండి. ఎండాకాలం సాయంత్రం అయిదింటికి కూడా మన దగ్గర నేల సెగలు కక్కుతూనే ఉంటుంది.

చోటు విషయంలో మూడు చూసుకోండి. బాత్రూమ్ దగ్గరలో ఉండాలి. ఇది లేకపోతే ఎంత మంచి ఆటైనా చాలామంది రారు, కారణం కూడా చెప్పరు. నేల జారకూడదు. నున్నటి గ్రానైట్ మీద ప్లాస్టిక్ కుర్చీ కాళ్లు పక్కకు జారిపోతాయి, అందుకని కుర్చీల కింద జంపఖానానో పాత కార్పెట్టో గట్టిగా లాగి పరవండి, అంచులు కాలికి తగలకుండా టేపు వేయండి. కుర్చీలకు చేతులు ఉండాలి, లేచేటప్పుడు పట్టుకోవడానికి. ఆఫీసుల్లో వాడే చక్రాలున్న కుర్చీలు, ఊగే కుర్చీలు వద్దు.

కింద కూర్చుని ఆడే ఆటలన్నీ బల్ల మీదకు ఎక్కించండి. "నేను కింద కూర్చోగలను" అని ఎవరైనా పట్టుబట్టినా సరే, అందరూ బల్ల దగ్గరే. ఒకరు కిందా ఇంకొకరు పైనా కూర్చుంటే కూర్చోలేనివాళ్లు చిన్నబుచ్చుకుంటారు.

మెట్టు 3: జట్లు కట్టడం

ఒక్కో జట్టులో నలుగురు లేదా అయిదుగురు ఉండాలి. అంతకు మించితే నెమ్మదస్తులు వెనక్కి జరిగి కూర్చుండిపోతారు. భార్యాభర్తల్ని వేర్వేరు జట్లలో వేయండి. ఇది నేను అనుభవం మీద చెబుతున్నాను. ఒకే జట్టులో ఉంటే ఒకరి బదులు ఇంకొకరు మాట్లాడేస్తారు. ఎదురెదురు జట్లలో ఉన్నప్పుడు మాత్రం ఇద్దరిలోనూ ఉత్సాహం రెట్టింపవుతుంది.

బాగా వినపడేవారిని, వినికిడి తక్కువైనవారి పక్కన కూర్చోబెట్టండి. చూపు బాగున్నవారికి, చూపు మందగించినవారిని జత చేయండి. ఎవరికి ఏం లోపమో పైకి చెప్పవద్దు, చీటీలు తీసినట్టు చేసి మీరే సర్దండి. ఒకసారి కట్టిన జట్లను నెల రోజులు కదపకండి. నెల నిలిచేసరికి "మా జట్టు" అన్న మాట వాళ్ల నోటివెంట వస్తుంది.

ఎవరు ముందు ఆడాలో తేల్చడానికి నాణెం ఎగరేయడం కంటే పంటలు వేయించండి. ముగ్గురు నాయకులు చేతులు కలిపి ఒక్కసారిగా అరచేయి పైకో కిందికో తిప్పడం, వేరుగా పెట్టినవారు పంట కావడం: డెబ్బై ఏళ్ల చేతులకు ఈ కదలిక ఇంకా గుర్తుంటుంది. ఆట మొదలయ్యేలోపే నవ్వులు మొదలవుతాయి.

మెట్టు 4: ఒళ్లు విప్పే అయిదు నిమిషాలు, తర్వాత బెలూన్ వాలీబాల్

కుర్చీలో కూర్చునే మడమలు పైకీ కిందికీ, భుజాలు గుండ్రంగా, పిడికిలి బిగించి వదలడం, మెల్లగా మొదలై వేగం పెరిగే చప్పట్లు. అయిదు నిమిషాలు చాలు.

తర్వాత బెలూన్. రెండు వరుసల కుర్చీలు ఎదురెదురుగా వేసి, మధ్యలో రెండు స్తంభాలకు తాడు కట్టండి. తాడు నేలకు సుమారు ఒక మీటరు ఎత్తున ఉండాలి, తాడుకు ప్రతి వరుసా మీటరు దూరంలో ఉండాలి. బెలూన్‌ను చేత్తో కొట్టి తాడు అవతలకు పంపాలి, నేలకు తాకితే ఎదుటి జట్టుకు ఒక పాయింటు. 11 పాయింట్లకు ఒక ఆట. నియమం ఒక్కటే, అది కచ్చితం: నడుము కుర్చీ మీద నుంచి లేవకూడదు. లేస్తే పాయింటు పోతుంది. ఇలా నియమంలోనే జాగ్రత్తను పెడితే "జాగ్రత్త, పడతారు" అని మాటిమాటికీ అనక్కర్లేదు. ఆ మాట వాళ్లకు ఇంట్లో రోజంతా వినపడుతూనే ఉంటుంది.

బెలూన్ మెల్లగా దిగుతుంది కాబట్టి చేయి ఎత్తడానికి సమయం దొరుకుతుంది. ఊదేముందు లోపల నాలుగు బియ్యపు గింజలు వేస్తే చప్పుడు చేస్తుంది, చూపు తక్కువైనవారు చెవితో పట్టుకుంటారు. కింద పడ్డ బెలూన్ తీయడానికి ఒక మనవణ్ణో మనవరాలినో పెట్టుకోండి. పెద్దవాళ్లు వంగకూడదు. ఆట బాగా అలవాటయ్యాక రెండు బెలూన్లు ఒకేసారి వదలండి, గోల మిన్నంటుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 65 దాటినవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, వారంలో కనీసం మూడు రోజులు తూలకుండా నిలబడే శక్తినీ కండబలాన్నీ పెంచే కసరత్తులు ఉండాలని చెబుతుంది. మన ఆటల సాయంత్రం ఒక్కటే ఆ లెక్కను నింపదు. కానీ ఈ స్నేహితులే మరునాడు పొద్దున నడకకు తోడవుతారు.

మెట్టు 5: కూర్చుని విసిరే బంతులు

ఒలింపిక్స్ తర్వాత దివ్యాంగ క్రీడాకారుల కోసం జరిగే పారాలింపిక్స్‌లో బోచా అనే ఆట ఉంది. 1984 నుంచి ఆడుతున్నారు. ముందు ఒక తెల్ల బంతిని విసురుతారు, తర్వాత ఒక పక్షం ఆరు ఎర్ర బంతులు, ఇంకో పక్షం ఆరు నీలం బంతులు దానికి వీలైనంత దగ్గరగా వేయాలి. కుర్చీలో కూర్చునే ఆడతారు. గోలీలు ఆడినవాళ్లకు దీన్ని వివరించక్కర్లేదు, చూపిస్తే చాలు.

ఇంట్లో ఇలా తయారు చేసుకోవచ్చు. పాత సాక్సుల్లో 150 గ్రాముల చొప్పున పెసలో బియ్యమో పోసి గట్టిగా ముడి వేసి, పైన ఎరుపు, నీలం గుడ్డ కుట్టండి. ఒకటి తెల్లది. గింజల మూట పడ్డచోటే ఉంటుంది, దొర్లిపోయి ఎవరి కాళ్ల కిందకీ రాదు. అందుకే మామూలు బంతుల కంటే ఇవే మేలు. తెల్లదాన్ని రెండు, మూడు మీటర్ల దూరంలో వేయించండి. ఒక్కొక్కరు ఒక్కో మూట వంతులవారీగా విసరాలి. అన్నీ అయ్యాక తెల్లదానికి అన్నింటికంటే దగ్గరగా ఉన్న మూట ఏ జట్టుదో చూడండి. ఎదుటి జట్టు మూటల్లో మిక్కిలి దగ్గరగా ఉన్నదానికంటే కూడా తెల్లదానికి దగ్గరగా ఆ జట్టు మూటలు ఎన్ని ఉంటే దానికి అన్ని పాయింట్లు.

దూరం కొలవడానికి టేపు అక్కర్లేదు, జానలతో కొలవనివ్వండి. ఎవరి జానతో కొలవాలన్న వాదన కూడా ఆటలో భాగమే. వంగి కొలిచే పని మాత్రం పిల్లలకే ఇవ్వండి.

మెట్టు 6: మన పాత ఆటల్ని జట్టు ఆటలుగా మార్చడం

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. వీటిని మనం నేర్పనక్కర్లేదు, వాళ్లే మనకు నేర్పుతారు.

అష్టాచెమ్మా. అయిదు అడ్డం, అయిదు నిలువు, మొత్తం 25 గళ్లు. నాలుగు గవ్వలు. వెల్లకిలా పడ్డవి ఎన్నో అన్ని గళ్లు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. ఈ రెండింటిలో ఏది పడినా ఇంకో పందెం, అంటే మళ్లీ గవ్వలు వేయవచ్చు. ఒక్కో పక్కకు నాలుగు కాయలు, బయటి వరుస చుట్టి, ఒక కాయనైనా చంపాక లోపలికి వెళ్లి, నడిమి గడిలో పండాలి. జట్టు ఆటగా మార్చడానికి ఒక్కో పక్కన ఇద్దరిని కూర్చోబెట్టండి, ఒకరు గవ్వలు వేస్తారు, రెండోవారు కాయ జరుపుతారు. ఏ కాయ జరపాలో ఇద్దరూ గుసగుసలాడుకోవాలి. గళ్లను రెండడుగుల గుడ్డ మీద ముదురు రంగుతో గీయండి, కాయలకు రంగు రంగుల సీసా మూతలు వాడండి. చేతులు వణికేవారు గవ్వల్ని స్టీలు గ్లాసులో వేసి గిలకరించి బోర్లించవచ్చు. ఆ చప్పుడుకు పక్క బల్లవాళ్లు కూడా తిరిగి చూస్తారు.

ఒక్క హెచ్చరిక. ఒక్కో ఊరిది ఒక్కో పద్ధతి. "మా ఊళ్లో అలా కాదు" అని మొదటి రోజే వాదన వస్తుంది, రావాలి కూడా. ఆ రోజు ఆట ఆపేసి అందరి పద్ధతులూ వినండి. చంపితే ఇంకో పందెం ఉందా, లోపలికి వెళ్లాక చంపవచ్చా, వరసగా మూడు అష్టలు పడితే ఏమిటి. ఒప్పందం కుదిరినవి చార్టు మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు తగిలించండి. మా దగ్గర ఆ వాదనే ఒక సాయంత్రాన్ని నింపింది. అంతవరకు నోరు విప్పని ఒక పెద్దాయన తన మేనత్త దగ్గర నేర్చుకున్న నియమం కోసం లేచి నిలబడి మాట్లాడారు.

వామనగుంటలు. పీట దొరకకపోతే పద్నాలుగు చిన్న గిన్నెలు రెండు వరుసల్లో పెట్టండి, ఒక్కోదానిలో అయిదు గింజలు, మొత్తం 70. ఒక గుంటలో గింజలు తీసి వరసగా ఒక్కొక్కటి వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే తర్వాతి గుంటలోవి తీసి కొనసాగించాలి. తర్వాతి గుంట ఖాళీ అయితే, దాని అవతలి గుంటలోవి మీవి, అక్కడితో మీ వంతు అయిపోతుంది. వరసగా రెండు ఖాళీలు వస్తే ఏమీ దక్కదు. చింతగింజలు నున్నగా ఉండి కీళ్లవాతం ఉన్న వేళ్లకు జారిపోతాయి, వాళ్లకు గచ్చకాయలు పెట్టండి. పక్కకు ఇద్దరు, వంతులవారీగా ఆడాలి. గింజలు లెక్కపెట్టి చూసుకోవడం నిషేధమని పెట్టండి, కళ్లతోనే అంచనా వేయాలి. మెదడుకు మంచి పదును.

పులి-మేక, దాడి (మూడు కాయలు వరసగా పేర్చే ఆట) కూడా ఉంచుకోవచ్చు. మగవాళ్లు కొందరు పేకాటకే వస్తామంటారు. రానివ్వండి, పందెం డబ్బు లేకుండా రమ్మీ ఒక బల్ల మీద ఉంటే తప్పేం లేదు. అయితే ఆ బల్లకు రాకముందు ఒక జట్టు ఆట ఆడాలన్న షరతు పెట్టండి.

మెట్టు 7: తంబోలా, మన లెక్కలతో

చదివిన అంకె తమ టిక్కెట్‌లో ఉంటే కొట్టేసుకుంటూ పోయే ఆట ఇది. ఒక్కో టిక్కెట్‌లో మూడు వరుసలు, వరుసకు అయిదు చొప్పున 15 అంకెలు, 1 నుంచి 90 వరకు. జట్టుకొక పెద్ద టిక్కెట్ చార్టు మీద వేలెడు పొడవు అంకెలతో రాసివ్వండి. చిన్న కాగితం మీద సన్నటి అంకెలు పెడితే సగం మంది కళ్లజోడు వెతుక్కోవడంలోనే ఉండిపోతారు.

అంకెను నేరుగా చెప్పకుండా గుర్తు చెప్పి, జట్టు చేతే చెప్పించండి. ఏడుకొండలు 7, నవగ్రహాలు 9, రాశులు 12, శబరిమల మెట్లు 18, క్రిస్మస్ తేదీ 25, నక్షత్రాలు 27, స్వాతంత్ర్యం 47, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన సంవత్సరం 56, తెలుగు సంవత్సరాలు 60, కళలు 64. తెలంగాణ ఏర్పడిన సంవత్సరం అంటే 14. అయితే 14 అనగానే "లోకాలు" అనేవాళ్లూ ఉంటారు, రెండూ సరే. ప్రతివారం అయిదు కొత్త గుర్తులు తెచ్చే బాధ్యత ఒక్కో జట్టుకు అప్పగించండి. ఇంటికెళ్లి కూడా ఆలోచిస్తారు. గుర్తు చెప్పాక అంకెను పలకమీద రాసి చూపించడం మరవకండి, వినపడనివారి కోసం.

మెట్టు 8: ముక్కు, నాలుక, జ్ఞాపకం

వాసన పట్టు అనే ఆట మా దగ్గర బాగా నడిచింది. పది చిన్న డబ్బాల్లో వాము, జీలకర్ర, మెంతులు, ధనియాలు, సోంపు, యాలకులు, ఇంగువ, ఎండు కరివేపాకు, కాఫీ పొడి, పచ్చకర్పూరం వేసి మూతలకు చిల్లులు పెట్టండి. కళ్లు మూసుకుని వాసన చూసి జట్టుతో చర్చించి పేరు రాయాలి. మిరియాలు, కారం పెట్టకండి, ఆయాసం ఉన్నవారికి ఇబ్బంది. ఇందులో ఆడవాళ్ల జట్టే గెలుస్తుందనుకుంటారు గానీ, కిరాణా కొట్టు నడిపిన పెద్దమనిషి ఒకరుంటే కథ మారిపోతుంది.

సామెతల ఆటకు ఖర్చే లేదు. "ఇంట గెలిచి" అని పలక మీద రాస్తే, "రచ్చ గెలవాలి" అని అందుకోవాలి. తేలికైనవి అయిపోయాక తమ ప్రాంతపు సామెత చెప్పి ఎదుటి జట్టును అర్థం అడగమనండి. రాయలసీమ, కోస్తా, తెలంగాణ పెద్దలు కలిసిన చోట దీనికి అంతు ఉండదు.

అంత్యాక్షరి చివరి అక్షరంతో ఆడితే పాడగలిగే ఇద్దరు ముగ్గురే పాడతారు. బదులుగా ఒక మాట ఇవ్వండి: చందమామ, ఉయ్యాల, వాన. ఆ మాట ఉన్న పాట జట్టంతా కలిసి రెండు వరుసలు పాడాలి. దంపుళ్ల పాట, పెళ్లి పాట, లాలి పాట, అన్నీ చెల్లుతాయి.

జ్ఞాపకశక్తి తగ్గినవారు జట్టులో ఉంటే "నేనెవరో చెప్పండి చూద్దాం" అని ఎవరూ పరీక్షించకుండా చూసుకోండి. అది ఆట కాదు, వాళ్లకు బాధ. గవ్వలు కలపడం, చప్పట్లతో తాళం వేయడం లాంటివి ఇవ్వండి. పేర్లు మరిచిన మనిషి పాట అందుకుని చివరిదాకా పాడడం నేను చూశాను.

మెట్టు 9: వద్దనుకోవాల్సినవి, దగ్గర ఉంచుకోవాల్సినవి

కుర్చీల ఆట వద్దు. పరుగెత్తి కుర్చీ పట్టుకోవడంలో తుంటి విరిగితే మంచాన పడతారు. సంగీతం కావాలంటే మెత్తటి దిండు చేతులు మారుస్తూ పోవాలి, పాట ఆగినప్పుడు దిండు ఎవరి ఒళ్లో ఉంటే వారు పొడుపు కథ వేయాలి. కళ్లకు గంతలు కట్టి తిప్పే ఆటలు, గోనె సంచి పరుగు, తాడు లాగుడు కూడా వద్దు.

నీళ్లు, పంచదార, బీపీ చూసే మిషను, ఇంటి నంబర్లున్న పుస్తకం ఒకే సంచిలో ఉంచండి. షుగరు మందులు వాడేవారికి ఒళ్లు చెమటలు పట్టి, వణుకు వస్తే చక్కెర పడిపోయిందేమో చూడాలి. స్పృహలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి. ఛాతీలో నొప్పి, మాట తడబడడం, మూతి ఒక పక్కకు వంగడం కనిపిస్తే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

బీపీ మాత్రలు వేసుకునేవారు దిగ్గున లేస్తే తూలిపోవచ్చు. ఆట అయిపోయాక అందరూ ఒక నిమిషం కుర్చీ అంచున కూర్చుని కాళ్లు ఆడించి అప్పుడు లేవడం పద్ధతిగా పెట్టండి.

మెట్టు 10: పండగలు, దూరాన ఉన్నవారు

బతుకమ్మ రోజుల్లో కుర్చీలు గుండ్రంగా వేసి మధ్యలో బతుకమ్మను పెడితే, నిలబడలేని అమ్మమ్మలూ చప్పట్లు కొడుతూ పాట అందుకుంటారు. కోలాటం కూర్చుని కూడా వేయవచ్చు, పక్కవారి కర్రకే తగిలించాలన్న నియమంతో. అక్టోబరు 1 అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం. ఆ రోజు పక్క కాలనీ జట్టును పిలిచి పోటీ పెట్టండి.

అమెరికాలో పిల్లల దగ్గరకు ఆరు నెలలకు వెళ్లిన తల్లిదండ్రులు అక్కడ పగలంతా ఒంటరిగా ఉంటారు. వాళ్ల టిక్కెట్ ముందే ఫోటో తీసి పంపి, వీడియో కాల్‌లో తంబోలా ఆడించండి. మనకు ఉదయం ఏడున్నర అయితే వాళ్లకు ముందురోజు రాత్రి అవుతుంది. జట్టులో చోటు అలాగే ఉంచామని చెప్పండి.

బహుమతిగా స్వీట్లు వద్దు. నెల చివర గెలిచిన జట్టుకు తలా ఒక కరివేపాకు మొక్క, తులసి మొక్క ఇచ్చాం. ఓడినవారికి వచ్చే నెల జట్టు పేరు పెట్టే అవకాశం.

ప్రతి సాయంత్రం చివర చేయాల్సిన పని

స్కోరు చదివాక, వచ్చే వారం ఎవరు గవ్వలు తేవాలో, ఎవరు గుర్తులు చెప్పాలో పేరుపేరునా చెప్పండి. తర్వాత ఆ రోజు రానివారి జాబితా తీసి, అదే సాయంత్రం వాళ్ల జట్టు నాయకుడి చేత ఫోన్ చేయించండి. "ఎందుకు రాలేదు" అని అడగకూడదు. "బాబాయిగారూ, మీరు లేక రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం, వచ్చే బుధవారం మీ వంతు మీకే ఉంచాం" అనాలి.